మొలలే అని రాసెయ్యకు

అమ్మాయ్,

మోషన్‌లో రక్తం పడటం మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి వాక్యంలోనే ‘అధో జీర్ణనాళ రక్తస్రావం’ అన్నావు. అది చదివి ఇది నా సంగతే అనుకునే పేషెంటు ఒక్కడూ ఉండడు. జనం ‘మోషన్‌లో బ్లడ్ పడుతోంది’ అంటారు. మా ఊళ్లో ‘దొడ్డికెళ్తే నెత్తురు పడుతోంది’ అంటారు, అదీ గొంతు తగ్గించి. అలాగే రాయి.

రంగు దగ్గర తొందరపడ్డావు. ఎర్రగా పడితే సాధారణంగా పెద్దపేగు, మలద్వారం వైపు నుంచే. తారులా నల్లగా, జిగటగా, కంపు కొడుతూ ఉంటే చాలావరకు పైనుంచి, అంటే కడుపు, చిన్నపేగు మొదటి భాగం నుంచి. దిగి వచ్చేలోగా రక్తం నల్లబడుతుంది. కానీ పైన అల్సర్ నుంచి ఒక్కసారిగా ఎక్కువ రక్తం పోతే కిందికీ ఎర్రగానే రావచ్చు. ఎక్కువగా పడినా, కళ్లు తిరిగినా, చెమటలు పట్టినా వెంటనే ఆస్పత్రికి వెళ్లమని అక్కడే రాయి. ఐరన్ మాత్రలకు నల్లగా, బీట్‌రూట్‌కు ఎర్రగా కనిపించడం కూడా ఉంది. బీట్‌రూట్ కూర తిన్న మర్నాడు నేనే హడలిపోయాను.

మొలలకు మోషన్ అయ్యాక చుక్కలు పడతాయి, నొప్పి పెద్దగా ఉండదు. ఫిషర్, అంటే మలద్వారం దగ్గర చీలిక అయితే గాజుపెంకుతో కోసినట్టుంటుంది. ఇవి బాగానే రాశావు. అయితే తొలిరోజుల్లో నేనూ ఇలాగే ‘చుక్కలుగా పడితే మొలలే, మజ్జిగ తాగండి’ అని రాశాను. మా బాబాయి ఆ ముక్క కత్తిరించి పర్సులో దాచుకున్నాడు. ఎనిమిది నెలలు ‘వేడి చేసిందిలే’ అంటూ గడిపాడు. పంచె వదులైంది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7. కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే పరీక్ష చేస్తే పెద్దపేగులో కణితి. మొలలూ ఉన్నాయి, కణితీ ఉంది! ఒకటి ఉంటే రెండోది ఉండదని ఎక్కడా లేదు. నీ వ్యాసంలో లేనిది ఆ మాటే. దాన్ని మొదటి పేరాలోకి తే. బరువు తగ్గడం, మోషన్ తీరు మారడం, రక్తహీనత దాని వెంటే రావాలి.

ఇంకోటి. ఆస్ప్రిన్, రక్తం పల్చబరిచే మాత్రల వల్ల రక్తం పడొచ్చన్నావు, నిజమే. ‘మానేయండి’ అన్న మాట మాత్రం కొట్టెయ్యి. గుండె రక్తనాళంలో స్టెంట్ వేయించుకున్నవాళ్లు సొంతంగా ఆపేస్తే గుండెకే ముప్పు. డాక్టర్ని అడగమను.

సరిచేసి ఆదివారంలోగా పంపు.

మీ మాస్టారు