ఓసీడీకి ఈఆర్‌పీ థెరపీ పనిచేస్తుందా? చేయించుకున్న మనిషిగా నా జవాబు

మీరు అడిగింది ఇదీ: మీ ఆవిడకి ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్: వద్దన్నా పదేపదే వచ్చే భయం ఆలోచనలు, వాటి నుంచి తప్పించుకోవడానికి మళ్ళీమళ్ళీ చేసే పనులు) అని తేలింది. డాక్టరుగారు మందులు రాసి, దాంతోపాటు ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్) అనే థెరపీ కూడా చేయించమన్నారు. అందులో మురికి ముట్టుకోమంటారని ఎక్కడో చదివారు. అసలే భయంతో సగమైన మనిషిని ఇంకా భయపెడితే ఏమవుతుందోనని ఆగిపోయారు.

ఆగకండి. నేను ఏళ్ళ తరబడి ఓసీడీతో బతికి, ఈఆర్‌పీ వల్ల మళ్ళీ ఇంట్లో మనిషినైనదాన్ని. అందుకే కాస్త పొడుగైనా వివరంగా రాస్తున్నాను.

మాది రాజమండ్రి. నా భయం బల్లి. వండినదాంట్లో బల్లి పడిందేమో, అది తిని పిల్లలకి ఏమైనా అయితే కారణం నేనేనేమో అన్న ఆలోచన. పప్పు దించి మూతపెట్టేలోపు ఏమైనా పడిందా అని గరిటెతో కెలికి చూసేదాన్ని, మళ్ళీ చూసేదాన్ని, చివరికి పారబోసి మళ్ళీ వండేదాన్ని. అక్కణ్ణుంచి భయం చెప్పుల మీదికి, చిల్లర నోట్ల మీదికి, పాల ప్యాకెట్ల మీదికి పాకింది. మధ్యాహ్నానికల్లా ట్యాంకులో నీళ్ళు ఖాళీ. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి, ఉప్పు తగిలితే ప్రాణం విలవిల్లాడేది.

చుట్టాలు చాదస్తం అన్నారు. మా అత్తగారు మడి అనుకుని మొదట్లో సంతోషించారు కూడా. మడి కట్టుకునే మా అమ్మమ్మ చేతికింద పెరిగినదాన్ని కాబట్టి ఈ రెండింటికీ తేడా నాకు బాగా తెలుసు. అమ్మమ్మ స్నానం చేసి, ఎవరూ తాకకుండా ఆరేసిన చీర కట్టుకుంటే మడి పూర్తయినట్టే. ఇక నిశ్చింతగా వంట చేసుకునేది. నాకు ఆ నిశ్చింత ఎప్పుడూ రాలేదు. ఎంత కడిగినా "ఇక చాలు" అని లోపల్నుంచి అనిపించేది కాదు. మన ఇళ్ళలో ఈ జబ్బు ఇంత ఆలస్యంగా బయటపడటానికి ఒక కారణం, అది మనం గౌరవించే అలవాట్ల వెనక దాక్కోవడమే అని నా గట్టి నమ్మకం.

ఇక థెరపీ సంగతి. అందరూ మురికి ముట్టుకోవడం దగ్గరే ఆగిపోతారు. అసలు చికిత్స ఆ తర్వాత మొదలవుతుంది: ముట్టుకున్నాక కడుక్కోకుండా ఉండటంలో. ఆలోచన వస్తుంది, భయం పుడుతుంది, కడుగుతాం, కాసేపు హాయిగా ఉంటుంది. ఆ హాయే జబ్బుకి మేత. "కడిగావు కాబట్టి బతికిపోయావు" అని మెదడు రాసిపెట్టుకుంటుంది. కడగకపోయినా ఏమీ అయ్యేది కాదని తెలుసుకునే అవకాశం దానికి ఎప్పుడూ రాదు. ఆ అవకాశం ఇప్పించడమే ఈఆర్‌పీ.

ఇది ఇవాళ నిన్న పుట్టింది కాదు. 1960ల దాకా ఓసీడీ నయం కాదనే చాలామంది వైద్యుల అభిప్రాయం. కొందరికి మెదడుకి ఆపరేషన్లు కూడా చేసేవారు. 1966లో లండన్‌లోని మిడిల్‌సెక్స్ హాస్పిటల్లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు ఇద్దరు పేషెంట్లకి వేరే దారి పట్టించాడు. భయపడే వస్తువుల మధ్యే ఉంచి, నర్సులు పక్కనుండి, ఆ కడగడాలూ తంతులూ చెయ్యకుండా చూశారు. ఇద్దరూ బాగా కోలుకున్నారు. 1974 నాటికి ఆయన బృందం 15 మంది గురించి రాసింది: 10 మందికి బాగా తగ్గింది, మిగతావాళ్ళకి కొంత తగ్గింది. అప్పటిదాకా ఆశ లేదనుకున్న జబ్బుకి అది ఎంత పెద్ద మాటో ఈ జబ్బు పడినవాళ్ళకి తెలుస్తుంది.

మీరు భయపడుతున్నట్టు మొదటి రోజే చెత్తకుండీలో చెయ్యి పెట్టమని ఎవరూ అనరు. మొదటి సెషన్లన్నీ మాటలే. ఏ ఆలోచన వస్తుంది, వస్తే ఏం చేస్తాను, చెయ్యకపోతే ఏం జరుగుతుందని భయం. వై-బాక్స్ అనే కొలమానంతో తీవ్రత చూశారు. అందులో 10 ప్రశ్నలు, మొత్తం స్కోరు 40. తర్వాత ఇద్దరం కూర్చుని ఒక పట్టిక రాశాం. ఏ పనికి ఎంత భయం వేస్తుందో 100కి మార్కులు వెయ్యమన్నారు. కూరగాయల బండి దగ్గర తీసుకున్న నోటు పట్టుకుని చేతులు కడక్కుండా పుస్తకం తెరవడం నా పట్టికలో కింద ఉండేది. బయటి చెప్పులు ముట్టుకుని అదే చేత్తో దిండు తడమడం మధ్యలో. గిన్నెలో ఒక్కసారి మాత్రమే చూసి, పైకప్పు వైపు తలెత్తకుండా, పిల్లలకి పప్పు వడ్డించడం అన్నిటికన్నా పైన.

నా సైకాలజిస్టు ఏ పనైనా ముందు తను చేసి చూపించి, తర్వాత నన్ను చెయ్యమనేది. బలవంతం ఎప్పుడూ లేదు. "ఈ వారం దేనికి సిద్ధం?" అని అడిగేది, నేను ఎంచుకునేదాన్ని. ఒకసారి చేతిరుమాలు నా చెప్పులకి రాసి, ఆ రుమాలు ఇంటికి తీసుకెళ్ళి మంచం, బీరువా, స్టవ్ గట్టు అన్నిటికీ తాకించమంది. ఇంట్లో "శుభ్రమైన మూల" అంటూ ఏదీ మిగలకూడదని. ఆ రోజు ఏడ్చాను. కానీ ఆ రాత్రే, చాలాకాలం తర్వాత, ఇంట్లో ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోగలిగాను. కాపాడుకోవడానికి ఇంకేం మిగల్లేదు కాబట్టి.

ఒక విషయం మీ ఆవిడకి ముందే చెప్పండి. మొదటిసారే భయం దిగిపోవాలని లేదు. నాకు దిగలేదు. పాత పద్ధతిలో సెషన్ ముగిసేలోపు భయం తగ్గాలనేవారు. ఇప్పుడు కాలిఫోర్నియాలో మిషెల్ క్రాస్క్ లాంటి పరిశోధకుల పని వల్ల ఆలోచన మారింది. భయం ఎంత తగ్గిందన్నదానికన్నా, "ఇలా జరుగుతుందనుకున్నాను, అది జరగలేదు, ఈ గుబులు ఉన్నా నేను తట్టుకోగలిగాను" అని మెదడు నేర్చుకోవడం ముఖ్యమంటున్నారు. అందుకే ఒకే పని క్లినిక్‌లో, ఇంట్లో, చుట్టాలింట్లో, ఒంటరిగా, పదిమందిలో చేయిస్తారు.

ఇంకో మాట. ఇలాంటి ఆలోచనలు రావడమే పాపమనీ, లోపల ఏదో చెడు ఉందనీ చాలామంది కుమిలిపోతారు. ముఖ్యంగా దేవుడి గురించో, పిల్లలకి తనే హాని చేస్తానేమో అనో ఆలోచనలు వచ్చేవాళ్ళు ఎవరికీ చెప్పుకోలేరు. 1978లో రాక్‌మన్, డిసిల్వా అనే ఇద్దరు పరిశోధకులు ఏ జబ్బూ లేని 124 మందిని అడిగితే దాదాపు 80 శాతం మంది తమకీ అలాంటి పిచ్చి ఆలోచనలు వస్తాయన్నారు. వాళ్ళు వాటిని పట్టించుకోరు, మనం పట్టుకుని వేలాడతాం. ఆలోచన వచ్చినప్పుడల్లా "ఆపు" అనుకోమని, చేతికి రబ్బరు బ్యాండు లాక్కోమని సలహా ఇచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. వద్దు. 1987లో అమెరికాలో డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని విద్యార్థులకి చెబితే, వాళ్ళకి అది పదేపదే గుర్తొస్తూనే ఉంది.

మందులా, థెరపీయా అన్నదానికి: అమెరికా సైకాలజిస్టు ఎడ్నా ఫోవా బృందం 2005లో ప్రచురించిన 12 వారాల అధ్యయనంలో మందు, థెరపీ, రెండూ కలిపి, ఉత్తుత్తి మాత్ర (మందు లేనిది, పోల్చి చూడటానికి ఇచ్చేది) అని నాలుగు గుంపులు చేశారు. గుణం కనిపించింది ఈఆర్‌పీ గుంపులో 62 శాతానికి, క్లోమిప్రమిన్ అనే మందు వాడినవాళ్ళలో 42 శాతానికి, రెండూ కలిపినవాళ్ళలో 70 శాతానికి, ఉత్తుత్తి మాత్రతో 8 శాతానికి. అయితే అక్కడ మొదటి వారాల్లో దాదాపు రోజూ రెండేసి గంటల సెషన్లు నడిచాయి, చేసినవాళ్ళు అందులో బాగా శిక్షణ పొందినవాళ్ళు. వారానికో పదిహేను రోజులకో ఒకసారి వెళ్ళి, ఇంటి దగ్గర అభ్యాసం చెయ్యకపోతే ఆ ఫలితం ఆశించకూడదు.

నేను రెండూ తీసుకున్నాను. మందు లేకపోతే నేను ఆ గది గుమ్మం దాటి ఉండేదాన్ని కాదు. ఓసీడీకి సెర్ట్రలిన్, ఫ్లూఆక్సిటిన్ లాంటి మందుల మోతాదు డిప్రెషన్‌కి ఇచ్చేదానికన్నా సాధారణంగా ఎక్కువ ఉంటుంది. పనిచేస్తోందో లేదో తేల్చడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. రెండు వారాల్లో తేడా లేదని ఆపెయ్యనివ్వకండి. తగ్గాక కూడా కనీసం ఏడాది, రెండేళ్ళు కొనసాగించమంటారు. తగ్గించడం, మానడం డాక్టరు చెప్పినట్టే.

ఇప్పుడు మీ గురించి. భర్త అడిగారు కాబట్టి ఇది మరీ ముఖ్యం.

మీ ఆవిడ "చేతులు శుభ్రంగా ఉన్నాయి కదా? ఏం కాదు కదా?" అని అడిగితే మీరు "ఏం కాదులే" అంటూ ఉండి ఉంటారు. బయట నుంచి రాగానే ఆమె చెప్పినట్టు బట్టలు మార్చుకుంటూ ఉంటారు. పిల్లల్ని ఫలానాచోట కూర్చోవద్దని మీరే చెబుతూ ఉంటారు. ఇదంతా ప్రేమతోనే. 1995లో అమెరికాలో ఓసీడీ ఉన్నవాళ్ళ ఇంటివాళ్ళ మీద చేసిన ఒక అధ్యయనంలో 88 శాతం మంది ఇలా ఏదో రకంగా సహకరిస్తున్నవాళ్ళే. కానీ మీరిచ్చే ఆ "ఏం కాదు" కూడా చేతులు కడగడం లాంటిదే. కాసేపు హాయి, మళ్ళీ అదే ప్రశ్న.

అలాగని రేపు పొద్దున్నే అన్నీ ఒక్కసారి మానెయ్యకండి. సబ్బు దాచడం, కుళాయి కట్టెయ్యడం, చెప్పకుండా మురికి చెయ్యి తగిలించడం అస్సలు వద్దు. అది చికిత్స కాదు, ఆమెకి మీ మీద ఉన్న నమ్మకం పోతుంది. మేయర్ పేషెంట్లు ఒప్పుకుని చేరినవాళ్ళు, పక్కన నర్సులున్నవాళ్ళు. మా ఇంట్లో ఏం చేశామంటే, సైకాలజిస్టు నన్నూ మావారినీ కలిపి కూర్చోబెట్టి, ఏ ప్రశ్నకి ఆయన జవాబు మానాలో నన్నే చెప్పమంది. నేను మొదట ఎంచుకున్నది బల్లి ప్రశ్న. ఆ తర్వాత నేను "ఏవండీ, పప్పులో ఏం లేదు కదా?" అన్నప్పుడల్లా ఆయన ఒకే మాట చెప్పేవారు: "నీకు భయంగా ఉందని తెలుస్తోంది. దీనికి జవాబు చెప్పొద్దని మనిద్దరం అనుకున్నాం కదా. నేనిక్కడే కూర్చుంటా, తిందాం రా." నేను కోప్పడ్డాను, బతిమాలాను, జాలి లేదా అన్నాను. ఆయన గొంతు పెంచలేదు, మాట మార్చలేదు. లెక్కల్లో దొరకని సాయం అది. ఆ ప్రశ్న వారాల్లో పలచబడింది. అప్పుడు ఇంకోటి తీసుకున్నాం.

నేను నాకు చెప్పుకోవడం నేర్చుకున్న మాట కూడా రాస్తాను: "పడిందేమో, పడలేదేమో. నాకు తెలీదు. తెలియకుండానే తింటాను." మొదట్లో ఈ మాట పళ్ళు బిగబట్టి అనేదాన్ని. "బల్లి పడలేదు" అని ధైర్యం చెప్పుకోకూడదు, గమనించండి. అది కూడా దొంగచాటు కడుగుడే.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి? మందులు రాసేది సైకియాట్రిస్టు. థెరపీ చేసేది సాధారణంగా క్లినికల్ సైకాలజిస్టు. మనదేశంలో క్లినికల్ సైకాలజిస్టుకి ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి, రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు అడగడానికి మొహమాటపడకండి. తర్వాత సూటిగా అడగండి: ఓసీడీకి ఈఆర్‌పీ చేస్తారా? సెషన్‌లోనే అభ్యాసం చేయిస్తారా, కేవలం మాట్లాడతారా? ఇంటివాళ్ళని పిలుస్తారా? నేను మొదట వెళ్ళినచోట నెలల తరబడి శ్వాస మీద ధ్యాస, కండరాలు వదులు చేసుకోవడం నేర్పారు. మనసుకి హాయిగా ఉండేది, ఇంటికొచ్చి మళ్ళీ కుళాయి దగ్గరే. ఇలాంటి రిలాక్సేషన్ ఓసీడీ పరిశోధనల్లో ఈఆర్‌పీతో పోల్చడానికి పెట్టుకునేదే తప్ప, దానికి బదులుగా వాడేది కాదని తర్వాత తెలిసింది.

మా ఊళ్ళో ఈ థెరపీ చేసేవాళ్ళు దొరక్క విశాఖ వెళ్ళాను. తర్వాత చాలా సెషన్లు వీడియోలోనే జరిగాయి. నా అనుభవంలో అదే మేలైంది, ఎందుకంటే జబ్బు ఉన్నది నా వంటింట్లో. ఫోన్ స్టవ్ గట్టు మీద పెట్టి, ఆవిడ చూస్తుండగా పప్పు వడ్డించాను. జబ్బు మరీ ముదిరితే బెంగళూరులోని నిమ్హాన్స్ అనే జాతీయ మానసిక వైద్య సంస్థలో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది.

ఒక్క జాగ్రత్త. మీ ఆవిడ తిండి, నిద్ర మానేసి దిగులుగా ఉన్నా, చచ్చిపోవాలని ఉందన్నా, థెరపీ సంగతి పక్కనపెట్టి వెంటనే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి. అర్ధరాత్రైనా టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యొచ్చు. 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన సేవ, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

పూర్తిగా పోతుందా అని అడుగుతారు. బల్లి ఆలోచన నాకు ఇప్పటికీ వస్తుంది. కిందటి వినాయకచవితికి ఇంటినిండా చుట్టాలు, ఇరవైమందికి వంట, గిన్నెలోకి రెండోసారి తొంగిచూసేదాకా వెళ్ళాను. మూత పెట్టేసి వడ్డించాను. మర్నాడు పాత పట్టిక తీసి రెండు అభ్యాసాలు మళ్ళీ చేశాను. ఎప్పుడు తిరగబెట్టొచ్చు, అప్పుడు ఏం చెయ్యాలి అన్నది చివరి సెషన్లలో రాయించి పంపుతారు. ఆ కాగితం ఇద్దరి దగ్గరా ఉండాలి.

ఈసారి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళినప్పుడు మీరు బయట కూర్చోకుండా ఆవిడతోపాటు లోపలికి వెళ్ళండి. ఇంట్లో మీరు ఆమె కోసం ఏమేం చేసిపెడుతున్నారో ఇద్దరూ కలిసి ముందే ఒక కాగితం మీద రాసుకుని వెళ్తే, అక్కడ సగం సమయం కలిసొస్తుంది. థెరపీ మొదలయ్యాక సందేహాలుంటే ఇక్కడే అడగండి, నాకు తెలిసినంతవరకు చెబుతాను.