రూమ్‌మేట్‌కు లేని టెన్షన్ నాకెందుకు?

ప్రశ్న: మాది సూర్యాపేట. హైదరాబాద్‌లో రెండేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను. చేతికి 42 వేలు వస్తాయి. అమెరికాలో ఎంఎస్‌కు సీటు వచ్చింది. ఫీజు, ఖర్చులు కలిపి రెండేళ్లకు 45 లక్షలు. నా దగ్గర 5 లక్షలున్నాయి. మిగతా 40 లక్షలు తాకట్టు లేకుండా 12.5 శాతం వడ్డీకి ఇస్తామని ఒక ఫైనాన్స్ కంపెనీ అంటోంది. నాన్న ఆర్టీసీ కండక్టర్, నాలుగేళ్లలో రిటైరవుతారు. ఊళ్లో సొంత ఇల్లుంది. మా హాస్టల్ రూమ్‌మేట్‌కూ అదే యూనివర్సిటీలో సీటొచ్చింది. వాళ్లకు కొంపల్లిలో రెండు ఫ్లాట్లు, లోను అవసరమే లేదు. తను హాయిగా సూట్‌కేసులు కొనుక్కుంటోంది, నాకేమో నిద్ర పట్టట్లేదు. ఇద్దరికీ వచ్చేది ఒకటే డిగ్రీ కదా! పార్ట్‌టైమ్ చేసుకుంటే గడిచిపోదా?

సమాధానం: నిద్ర పట్టకపోవడానికి కారణం ఉంది. 40 లక్షల మీద 12.5 శాతం అంటే ఏడాదికి 5 లక్షల వడ్డీ, నెలకు దాదాపు 41,700. ఇప్పుడు మీరు నెలంతా పనిచేస్తే వచ్చే జీతం మొత్తం వడ్డీకే సరి. డబ్బు సెమిస్టర్ వారీగా విడుదలవుతుంది కాబట్టి మొదట్లో అంత ఉండదు. అయినా చదువు రెండేళ్లు, ఆపైన కిస్తీలు మొదలయ్యేలోపు ఇచ్చే ఆరు నెలల గడువు అయ్యేసరికి, మధ్యలో ఏమీ కట్టకపోతే బాకీ 48 లక్షలు దాటుతుంది. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ 71 వేల పైచిలుకు. పైగా ఇలాంటి కంపెనీలు చాలావరకు చదువుకునే రోజుల్లోనే వడ్డీలో కొంతైనా కట్టమంటాయి. అది కట్టేదెవరు? నాన్నగారే. తాకట్టు లేదన్నారు గానీ, సహ దరఖాస్తుదారుగా ఆయన సంతకం తీసుకుంటారుగా!

అమెరికాలో మంచి ఉద్యోగం వస్తే 71 వేలు, అంటే 800 డాలర్లు, కట్టడం కష్టమేమీ కాదు. చిక్కంతా ఆ ఉద్యోగం వచ్చేలోపు, లేదా రాకపోతేనే. మీ రూమ్‌మేట్‌కూ మీకూ తేడా వచ్చేది అక్కడే. ఆమె మంచి బట్టలు కొనుక్కుంటుందనో, విడిగా గది తీసుకుంటుందనో మీరు బాధపడక్కర్లేదు. ఆమె ఆగగలదు. మీరు ఆగలేరు.

పార్ట్‌టైమ్ సంగతి చూడండి. ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీద తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటల వరకే పని చేయొచ్చు. గంటకు 12 డాలర్లు అనుకుంటే నెలకు దాదాపు వెయ్యి డాలర్లు. షేరింగ్ గది అద్దె, కూరగాయలు వెళ్తాయి. అదీ ఉద్యోగం దొరికితే. ఒక్కో పోస్టుకు ఎంతమంది క్యూ కడతారో అక్కడున్న సీనియర్లను అడగండి. బయట పెట్రోల్ బంకులోనో రెస్టారెంట్‌లోనో చేతికి డబ్బు తీసుకుని చేయడం చట్టవిరుద్ధం, దొరికితే వీసా స్టేటస్సే పోతుంది. అది తెలిసీ చేసేవాళ్లు చాలావరకు మీలా లోను మోస్తున్న పిల్లలే. అదే 20 గంటలు మీ రూమ్‌మేట్ ఏం చేస్తుంది? జీతం లేకపోయినా ప్రొఫెసర్ దగ్గర ప్రాజెక్టు చేస్తుంది, ఇంటర్వ్యూలకు ప్రిపేర్ అవుతుంది. మీరు క్యాంటీన్‌లో గిన్నెలు కడిగొచ్చి రాత్రి పదింటికి పుస్తకం తెరుస్తారు. రెండేళ్ల తర్వాత ఇద్దరికీ పట్టా ఒకటే, రెజ్యూమెలు మాత్రం వేరు.

నా క్లయింటు అబ్బాయి ఒకరికి వేరే నగరంలో మంచి ఇంటర్న్‌షిప్ వచ్చింది. మొదటి జీతం వచ్చేలోపు అక్కడ గది అడ్వాన్సు కట్టాలి, చదువుకునే ఊళ్లో అద్దె ఆగదు. చేతిలో రెండు వేల డాలర్లు లేక వదులుకున్నాడు. 38 లక్షల లోను తీసుకున్నవాడు లక్షా 80 వేల దగ్గర ఆగిపోయాడు!

చదువయ్యాక ఓపీటీలో, అంటే అక్కడ ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే అనుమతి కాలంలో, ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే. ఈ గడువు ఇద్దరికీ ఒకటే. కాకపోతే ఆమె వచ్చిన మొదటి ఆఫర్ నచ్చకపోతే రెండోదాని కోసం చూస్తుంది. దేనికీ కుదరకపోతే తిరిగొచ్చి కొంపల్లిలో అమ్మ చేతి వంట తింటూ ఇక్కడే ఉద్యోగం వెతుక్కుంటుంది. మీకు అలా కుదరదు. ఇక్కడికొచ్చి నెలకు లక్ష తెచ్చుకున్నా అందులో 71 వేలు ఈఎంఐకే. ఆ భయంతోనే పిల్లలు దొంగ అనుభవం రాసిపెట్టే కన్సల్టెన్సీల చేతిలో పడతారు.

అందుకే నా మాట: ఈ వడ్డీకి, ఇంత మొత్తం తీసుకుని, ఈసారి వెళ్లొద్దు. అసలు వెళ్లొద్దని అనట్లేదు.

ఇక్కడి జీతంతో కట్టగలిగినంతే అప్పు చేయండి. నా లెక్క 25 లక్షలు. ప్రభుత్వ రంగ బ్యాంకులో ఇల్లు తాకట్టు పెట్టి 9.5 శాతం ప్రాంతంలో దొరికితే, చదువు కాలపు వడ్డీ కలిసినా బాకీ 29 లక్షల చిల్లర. 15 ఏళ్ల గడువు పెట్టుకుంటే ఈఎంఐ సుమారు 30 వేలు. రేపు తిరిగొచ్చి హైదరాబాద్‌లో 60 వేల ఉద్యోగం చేసినా బండి నడుస్తుంది. అలా అయితే ఇల్లు తాకట్టు పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. 40 లక్షలకు మాత్రం పెట్టొద్దు. ఆర్టీసీలో ఈపీఎస్ పింఛను ఏపాటిదో మీకు తెలుసు, రిటైరయ్యాక ఆయనకు మిగిలేది ఆ ఇల్లే. లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), మున్సిపాలిటీ ప్లాను ఉన్నాయా? లేకపోతే బ్యాంకు ఒప్పుకోదు. పొలం కాగితాలు చూపిస్తే సాధారణంగా తీసుకోరు. కాగితాలు సరిగ్గా ఉన్న ఇల్లుంటే వడ్డీ తక్కువ, లేకపోతే ఎక్కువ: డబ్బున్నవాళ్లకే అప్పు కూడా చవక.

25 లక్షల్లో సరిపోవాలంటే యూనివర్సిటీ మారాల్సి రావచ్చు. చిన్న ఊళ్లలోని ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజూ తక్కువే, అద్దే తక్కువే. జర్మనీ కూడా చూడండి. అక్కడ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. ఏడాది ఖర్చుకని బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు కొంత చొప్పునే తీసుకోనిచ్చే ఖాతా) వేసి చూపించాల్సిన మొత్తం 2024 సెప్టెంబరు నుంచి 11,904 యూరోలు. ఉద్యోగానికి భాష నేర్చుకోక తప్పదు, అది వేరే తంటా. తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు ఇచ్చే విదేశీ విద్య సాయం 20 లక్షల వరకు. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలి. నాన్నగారి జీతం అది దాటి ఉండొచ్చు, అయినా ఒకసారి చూసుకోండి.

రూపాయి సంగతీ మరవొద్దు. 2022 మొదట్లో 75 దగ్గరున్న డాలరు 2025 డిసెంబరులో 90 దాటింది. అప్పుడు 7.5 లక్షలయ్యే 10 వేల డాలర్ల ఫీజు 90 లెక్కన 9 లక్షలు. బడ్జెట్‌లో పదిశాతం అదనంగా వేసుకోండి. లోను వడ్డీకి పన్ను మినహాయింపు ఉందని ఏజెంట్ ఊరించి ఉంటాడు. నాన్నగారు కొత్త పన్ను విధానంలో ఉంటే దాంతో ఉపయోగం లేదు.

మీ 5 లక్షలను మాత్రం ఫీజుకు వాడకండి. అందరూ ముందు సొంత డబ్బు ఖర్చుపెట్టి తర్వాత లోను ముట్టుకుంటారు. మీరు ఎఫ్‌డీలో వేసి పక్కన పెట్టండి. అందులో 6.5 శాతం వస్తుంది, లోనుకు 9.5 కడతారు. అంటే ఏడాదికి 15 వేలు నష్టం. రూమ్‌మేట్‌కు పుట్టుకతోనే వచ్చిన ఆగే వెసులుబాటును మీరు 15 వేలకు కొనుక్కుంటున్నారన్నమాట. ఇంటర్న్‌షిప్ అడ్వాన్సుకు, ఆ 90 రోజులకు, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోక హఠాత్తుగా రావాల్సివస్తే టికెట్టుకు ఆ డబ్బే ఆధారం.

సీటు ఖాయం చేసుకోవడానికి కట్టే డిపాజిట్ గడువు ముగిసేలోపు యూనివర్సిటీకి మెయిల్ పెట్టి, సీటు ఏడాది వాయిదా వేస్తారేమో అడగండి. ఈ ఏడాదిలో నెలకు 20 వేలు వెనకేస్తే ఇంకో 2.4 లక్షలు చేరతాయి. చిలుకూరులో 11 ప్రదక్షిణలు ఈపాటికే చేసి ఉంటారు. 108 మొక్కు మాత్రం వీసా వచ్చినప్పుడు కాకుండా లోను తీరినప్పుడు తీర్చుకోండి.