కొవ్వులోని రక్షణ కణాలను లెక్కపెట్టబోయే ముందు

మల్లేశ్వరం, బెంగళూరు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు ఇక్కడి ల్యాబులో చేరావని, స్థూలకాయం వచ్చినప్పుడు కొవ్వు కణజాలంలోని రక్షణ కణాలు ఎలా మారతాయో ఎలుకల్లో చూడబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలాకాలం అదే పనిలో ఉన్నవాడిని కనుక నాలుగు మాటలు రాస్తున్నాను.

బక్క ఎలుకల కొవ్వులోని కణాల్లో 10 శాతం లోపే ఉండే, చచ్చిన కణాలను మింగే రక్షణ కణాలైన మాక్రోఫేజ్‌లు, ఆకలిని అదుపు చేసే హార్మోను లెప్టిన్ లేక విపరీతంగా ఒళ్లు చేసిన ఎలుకల్లో సగానికి మించుతాయని 2003లో వచ్చిన ఒక పత్రం అంచనా కట్టింది. ఆ అంకె మనసులో నాటుకుపోయి, లెక్కపెట్టడమే పరిశోధన అనుకునే విద్యార్థులు ఎక్కువ. అవి ఎక్కడ చేరాయన్నదీ అంతే ముఖ్యం. చనిపోయిన కొవ్వు కణం చుట్టూ అవి కిరీటంలా మూగుతాయని 2005లో తేలింది. కణాలను పట్టి ఉంచే అల్లికను కరిగించే ఎంజైము కొలాజినేజ్‌తో కణజాలాన్ని విడగొట్టగానే ఆ అమరిక చెదిరిపోతుంది. కాబట్టి ప్రతి ఎలుక నుంచీ ఒక ముక్కను ముందే ఫార్మలిన్‌లో వేసి, పలుచని కోతలు తీసి, కొవ్వు బొట్టును కప్పి ఉండే పెరిలిపిన్ అనే ప్రొటీన్‌కు రంగు పట్టించు. బతికున్న కొవ్వు కణానికే ఆ రంగు పడుతుంది.

గజ్జల కొవ్వులో కాస్త ముదురు రంగు చుక్కలా రక్షణ కణాలు గుమిగూడే లింఫ్ గ్రంథి కనబడుతుంది. దాన్ని తూకానికి ముందే తీసెయ్యి. మరిచావంటే టి, బి అనే రక్షణ కణాల సంఖ్య అమాంతం పెరిగి, వృషణాల పక్కనుండే కొవ్వుతో పోల్చినప్పుడు లేని తేడా ఉన్నట్టు తోస్తుంది. లావు ఎలుక కొవ్వు పెద్దదని మొత్తం ఒకే గొట్టంలో కుక్కెయ్యకు. రెండు గుంపుల నుంచీ సమాన బరువు తీసుకుని సన్నగా తరిగి, 37 డిగ్రీల దగ్గర కొలాజినేజ్‌లో ఒకే సమయం ఉంచు. ఎక్కువసేపు ఉంచితే కణాల ఉపరితలం మీది గుర్తులే దెబ్బతింటాయి.

కొవ్వు మింగిన మాక్రోఫేజ్‌లు ఏ రంగూ వేయకుండానే, కణాలను వాటి మెరుపును బట్టి లెక్కపెట్టే ఫ్లో సైటోమీటర్‌లో మెరుస్తాయి కనుక, రంగు వేయని నమూనా లావు ఎలుకల నుంచి కూడా పెట్టుకోవాలి. మాక్రోఫేజ్‌లను వాపు పెంచే ఎం1, వాపు తగ్గించే ఎం2 అని చేసే విభజన పరీక్షల్లో రాయడానికి బాగుంటుందేమో గానీ, 2019లో వర్ణించిన ట్రెమ్2 అనే ప్రొటీన్ ఉన్న మాక్రోఫేజ్‌లు ఆ రెండింటిలోనూ సరిగా ఇమడవు.

ఇంకొకటి. కోతకు ముందు ఎలుకలను ఒక రోజంతా పస్తు పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. కొవ్వు వేగంగా కరిగే వేళ కూడా మాక్రోఫేజ్‌లు వచ్చి చేరతాయి కనుక అది నీ ఫలితాలను కలుషితం చేస్తుంది. మేత ఎప్పుడు తీశారో, ఎన్ని గంటలకు కోశారో ప్రతి ఎలుకకూ నోటుబుక్కులో రాసుకో.

ఇట్లు,
మావయ్య