టవర్ మేకులు ఎవరి స్థలంలో పడ్డాయో ముందు తేల్చండి

ప్రశ్న: మాది విశాఖపట్నంలో మధురవాడ వైపు, 1990ల నాటి వుడా (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) లేఅవుట్. గెడ్డ (వాగు) పక్కనున్న ఖాళీ స్థలానికి పాతికేళ్ల కిందట మేమే కంచె వేసి, వేప, కానుగ మొక్కలు పెంచి పార్కులా చేసుకున్నాం. పొద్దున పెద్దవాళ్లు నడుస్తారు, సాయంత్రం పిల్లలు ఆడుకుంటారు. ఇప్పుడు దాని మీదుగా 132 కేవీ లైను వేస్తామని ట్రాన్స్‌కో (రాష్ట్ర విద్యుత్ సరఫరా లైన్ల సంస్థ) పేపర్లో ప్రకటన ఇచ్చింది. అభ్యంతరాలుంటే రెండు నెలల్లోగా తెలపాలని అందులో ఉంది. ఆరు వారాలు అయిపోయాయి. సర్వేవాళ్లు నాలుగు మేకులు కొట్టి ఎర్ర రంగు పూసి వెళ్లారు. మా ఇళ్లకు ఎవరూ నోటీసు ఇవ్వలేదు. ఈపీడీసీఎల్ (ఇళ్లకు కరెంటు ఇచ్చే పంపిణీ సంస్థ) సెక్షన్ ఆఫీసులో అర్జీ ఇచ్చాం, వార్డు సచివాలయంలో చెప్పాం. మేకులున్న చోట ఆంజనేయస్వామి విగ్రహం పెట్టేస్తే ఎవరూ కదపలేరని కొందరు అంటున్నారు. కోర్టు నుంచి స్టే వస్తుందా?

జవాబు: పార్కు గురించి ఇంత రాశారు, ఆ స్థలం ఏ రికార్డులో ఎవరి పేరున ఉందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. మీ కేసు తేలేది అక్కడే.

మీరు చెప్పే స్థలం రెండు ముక్కలయ్యే అవకాశం ఎక్కువ. లేఅవుట్ వేసినప్పుడు ఉమ్మడి అవసరాలకు వదిలిన ఓపెన్ స్పేస్ స్థానిక సంస్థకు చెందుతుంది. దాన్ని ఆనుకున్న గెడ్డ పోరంబోకు రెవెన్యూ వారిది. మీ కంచె రెండింటినీ కలిపి చుట్టేసి ఉండొచ్చు. ఆ నాలుగు మేకులు ఏ ముక్కలో ఉన్నాయన్నదాన్ని బట్టి మీ చేతిలో ఉన్న అస్త్రం మారిపోతుంది.

కారణం చెబుతాను. విద్యుత్ చట్టం 2003లోని 164వ సెక్షన్ కింద ట్రాన్స్‌కోకు టెలిగ్రాఫ్ అథారిటీ అధికారాలు, అంటే టెలిగ్రాఫ్ తీగలు వేసే సంస్థకు ఉండే అధికారాలు ఉన్నాయి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చినా, ట్రాన్స్‌మిషన్ లైన్ల వరకు పాత చట్టంలోని మూడో భాగం కొనసాగుతుందని అందులోనే రాశారు. ఆ అధికారాలున్న సంస్థ లైను వేయడానికి భూయజమాని ముందస్తు అంగీకారం అక్కర్లేదని సెంచురీ టెక్స్‌టైల్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. సొంత పట్టా భూమి ఉన్న రైతుకే లేని హక్కు, పార్కులో నడిచే మీకు రాదు. కాబట్టి ‘మా ఇంటికి నోటీసు రాలేదు’ అన్న వాదన నిలబడదు, దాని మీద కాలం వృథా చేయకండి.

అయితే అదే టెలిగ్రాఫ్ చట్టం 10వ సెక్షన్ (సి) క్లాజు ఒక మినహాయింపు పెట్టింది. స్థానిక సంస్థకు చెందిన, లేదా దాని అదుపులో, నిర్వహణలో ఉన్న ఆస్తి మీద ఆ సంస్థ అనుమతి లేకుండా ఈ అధికారాలు వాడకూడదు. అంటే మేకులు ఓపెన్ స్పేస్‌లో ఉంటే జీవీఎంసీ (గ్రేటర్ విశాఖ నగరపాలక సంస్థ) అనుమతి కావాలి. గెడ్డ పోరంబోకులో ఉంటే ఈ క్లాజు మీకు నేరుగా పనికిరాదు. అప్పుడు అడగాల్సింది కలెక్టరుని, అది కూడా నీటి ప్రవాహానికి అడ్డం అన్న కారణంతో.

ఇక రుజువులు. వుడా ఇప్పుడు వీఎంఆర్‌డీఏ. అక్కడ మీ ఎల్.పి. నంబరు (లేఅవుట్ నంబరు) చెప్పి ఆమోదిత లేఅవుట్ ప్లాను ధ్రువీకృత నకలు అడగండి. ఓపెన్ స్పేస్‌ను స్థానిక సంస్థకు రాసిచ్చిన గిఫ్ట్ డీడ్ కోసం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్వే నంబరు మీద ఈసీ (రిజిస్ట్రేషన్ లావాదేవీల ధ్రువపత్రం) తీయించండి. ఇక్కడ చాలామంది పొరబడతారు. మధురవాడ వైపు గ్రామాలు 2005లో గ్రేటర్ విశాఖ ఏర్పడినప్పుడు కార్పొరేషన్‌లో కలిశాయి. మీ లేఅవుట్ అంతకు ముందుది కాబట్టి డీడ్ గ్రామ పంచాయతీ పేరున ఉండొచ్చు. జీవీఎంసీ పేరుతో వెతికి, దొరకలేదని వెనక్కి రావద్దు. పంచాయతీ ఆస్తి విలీనంతో కార్పొరేషన్‌కు వచ్చింది. గిఫ్ట్ డీడ్ అసలే లేకపోతే, జీవీఎంసీ అక్కడ వీధి దీపం వేసినా, నీళ్ల పైపు వేసినా, చెత్త ఎత్తించినా ఆ కాగితాలు సంపాదించండి. చట్టంలో ‘నిర్వహణ’ అన్న మాట ఉంది, దానికవే సాక్ష్యం.

రెవెన్యూ నుంచి ఆ సర్వే నంబరు ఎఫ్ఎంబీ (కొలతలతో ఉన్న భూమి పటం) నకలు తీసుకోండి. లైసెన్సుడు సర్వేయరుతో గెడ్డ గట్టు రాళ్ల నుంచి ఒక్కో మేకుకు టేపు పెట్టించి, ఆ కొలతలు ఎఫ్ఎంబీ మీద గుర్తించి సంతకం తీసుకోండి. నాలుగింటిలో రెండు మేకులు అటు, రెండు ఇటు పడినా మీకు చాలు, ఓపెన్ స్పేస్‌లో టవర్ ఒక్క కాలు దిగినా అనుమతి ప్రశ్న వస్తుంది. ఫొటోలు తీసేటప్పుడు అక్షాంశ రేఖాంశాలు, తేదీ పడేలా తీయండి. తీసిన ఫోన్‌లోంచి అసలు ఫైలు తొలగించకండి. వాట్సాప్‌లో తిరిగి వచ్చిన ఫొటోకి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ ఇవ్వాలంటే ఇబ్బంది పడతారు.

ఇప్పుడు మీ అజాగ్రత్త గురించి చెప్పాలి. 132 కేవీ లైను ట్రాన్స్‌కోది. ఈపీడీసీఎల్ చూసేది 33 కేవీ, అంతకు తక్కువ. ప్రకటన ఇచ్చింది ఎవరో చదివి కూడా అర్జీ వేరే సంస్థకు ఇచ్చారు, రసీదు తీసుకున్నట్టు కూడా రాయలేదు. వార్డు సచివాలయంలో నోటితో చెప్పారు. ఆరు వారాలు ఇలా పోయాయి. చట్టం దృష్టిలో ఈ రోజు వరకు మీరు అభ్యంతరం చెప్పనట్లే. రేపు హైకోర్టులో ట్రాన్స్‌కో న్యాయవాది చెప్పే మొదటి వాక్యం ‘గడువులో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు’ అనే.

గడువు ప్రకటన అచ్చయిన తేదీ నుంచి నడుస్తుంది, మీరు చూసిన తేదీ నుంచి కాదు. ఆ రోజు పేపరు పూర్తి ప్రతి, తేదీ కనిపించేలా, దాచండి. కత్తిరించిన ముక్క చాలదు. మీకు మిగిలింది రెండు వారాల పైచిలుకే. సమాచార హక్కు కింద వివరాలు వచ్చాక అభ్యంతరం రాద్దామనుకుంటే దానికే 30 రోజులు పడుతుంది, గడువు దాటిపోతుంది. అభ్యంతరం ఈ వారమే వేయండి, ‘పత్రాలు అందిన తర్వాత అదనపు అభ్యంతరాలు సమర్పించే హక్కు ఉంచుకుంటున్నాం’ అని చివర ఒక వాక్యం చేర్చండి. పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు అదే రోజు విడిగా పెట్టండి. రూటు మ్యాపు, టవర్ షెడ్యూలు, జీవీఎంసీతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలు అడగండి.

అభ్యంతరం ప్రకటన కింద హోదా ఉన్న అధికారికే వెళ్లాలి. ఒక ప్రతి ఆయన ఆఫీసు ఇన్‌వార్డులో ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకోండి. మరొకటి డెలివరీ రుజువుతో స్పీడ్ పోస్టులో పంపండి. జీవీఎంసీ కమిషనరుకు, కలెక్టరుకు నకళ్లు ఇవ్వండి. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చే అర్జీ దీనికి అదనమే తప్ప ప్రత్యామ్నాయం కాదు. మీ సంఘం రిజిస్టరు కాకపోతే సంఘం పేరున వేయకండి. నలుగురైదుగురు ఇళ్ల యజమానులు పేరు, ప్లాటు నంబరుతో సంతకాలు చేయండి.

ఏం రాయాలి? ‘పాతికేళ్లుగా మా స్వాధీనంలో ఉంది’ అన్న మాట తీసేయండి. ప్రభుత్వ భూమి మీద అనుభవ హక్కుకు 12 కాదు, 30 ఏళ్లు కావాలి. పైగా ఆ మాట మీరే ఆక్రమించారని ఒప్పుకున్నట్టు అవుతుంది. అది ప్రజల పార్కు అనండి. పార్కు స్థలాన్ని వేరే వాడకానికి మళ్లిస్తే ప్రశ్నించే అర్హత చుట్టుపక్కల నివాసులకు ఉందని 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీకు అది బలం.

రేడియేషన్ భయంతో మొదలుపెట్టకండి, కొలతలతో మొదలుపెట్టండి. 132 కేవీ లైనుకు కారిడార్ 27 మీటర్లు, మధ్య గీత నుంచి అటూ ఇటూ 13.5 మీటర్లు. ఆ వెడల్పులో పడే చెట్లెన్ని, ఒక్కోటి ఛాతీ ఎత్తు దగ్గర చుట్టుకొలత ఎంత, పట్టిక రాయండి. భవనాలకు తీగ నుంచి నిలువు దూరం 4.6 మీటర్లు, అడ్డ దూరం 2.9 మీటర్లు తగ్గకూడదు. నిలువు దూరాన్ని టవర్ దగ్గర కొలిచి లాభం లేదు. రెండు టవర్ల మధ్య, ఎండకు తీగ పూర్తిగా వేలాడినప్పుడు చూడాలి. అడ్డ దూరానికి గాలికి తీగ ఊగే వెడల్పు కూడా లెక్కే. పక్క ఇళ్లపై తర్వాత వేసుకోబోయే అంతస్తు కాదు, ఇప్పుడు మంజూరైన ప్లాను ప్రకారం ఎత్తు చూపండి.

విగ్రహం ఆలోచన ఈ రోజే మానుకోండి. బహిరంగ స్థలాల్లో, పార్కుల్లో కొత్తగా మత నిర్మాణాలు రాకూడదని 2009 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. దాన్ని అమలు చేయాల్సింది కలెక్టరు. విగ్రహం పెట్టిన మర్నాడు మీరు పార్కు కాపాడేవాళ్లు కారు, పార్కును ఆక్రమించినవాళ్లు. హైకోర్టులో ఆ ఒక్క ఫొటోతో మీ రిట్ పోతుంది. మేకులు పీకడం, జేసీబీకి అడ్డం కూర్చోవడం కూడా అంతే. అడ్డుకుంటే టెలిగ్రాఫ్ చట్టం 16వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వు తెచ్చుకుంటారు. దాన్ని కూడా ధిక్కరిస్తే భారతీయ న్యాయ సంహిత 223 కింద కేసు. 

విశాఖ సివిల్ కోర్టులో ఇంజంక్షన్ దావా కూడా వద్దు. 2018 సవరణతో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో 41(హెచ్ఏ) చేరింది. మౌలిక సదుపాయాల ప్రాజెక్టు పని ఆలస్యమయ్యే ఇంజంక్షన్ ఇవ్వకూడదని అది నిషేధించింది. విద్యుత్ ట్రాన్స్‌మిషన్ ఆ చట్టం షెడ్యూలులో ఉంది. కోర్టు ఫీజు పోతుంది, నెలలు పోతాయి.

జరగగలిగింది ఇది. టెలిగ్రాఫ్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్థానిక సంస్థ అనుమతి ఇచ్చేటప్పుడు పని జరిగే సమయం, పద్ధతి మీద షరతులు పెట్టవచ్చు. కమిషనరుకు రాసే లేఖలో ‘అనుమతి ఇవ్వొద్దు’ అని మాత్రమే అడిగితే, జీవీఎంసీ నిరాకరించినా 15వ సెక్షన్ కింద ఆ వివాదం కేంద్రం నియమించే అధికారి దగ్గరకు వెళ్లి తీర్పు మారవచ్చు. షరతులు కూడా అడగండి: నాలుగు కాళ్ల టవర్ బదులు మోనోపోల్ (ఒంటి స్తంభం), దాని స్థానం ఆట స్థలం మధ్య నుంచి గెడ్డ వైపు అంచుకు, కొట్టిన ప్రతి చెట్టుకు బదులు మొక్కలు, పునాది గుంతకు కంచె. మీ సర్వేయరు స్కెచ్ మీద ప్రత్యామ్నాయ బిందువు గుర్తించి జత చేస్తే ఇంజనీరుకు దాన్ని తోసిపుచ్చడానికి రాతపూర్వక కారణం చెప్పక తప్పదు.

అభ్యంతరానికి జవాబు ఇవ్వకుండా లేదా జీవీఎంసీ అనుమతి లేకుండా పునాది తవ్వడం మొదలుపెడితే, ఆ రోజే ఫొటోలతో అమరావతిలోని హైకోర్టులో 226వ అధికరణ కింద రిట్ వేయించండి, లంచ్ మోషన్ (అదే రోజు అత్యవసర విచారణ) అడగండి. లైను రద్దు చేయమని కాదు, అభ్యంతరాలపై కారణాలతో ఉత్తర్వు ఇచ్చేవరకు మీ ఓపెన్ స్పేస్ వరకు పని ఆపమని కోరండి. రిట్‌కు గడువు రాసి లేదు, కానీ కాంక్రీటు పడ్డాక వెళితే ఆలస్యం ఒక్కటే చాలు కొట్టేయడానికి. ఇన్‌వార్డు ముద్ర ఉన్న ప్రతి, లేఅవుట్ ప్లాను, కొలతల స్కెచ్, పూర్తి పేపరు, ఈ నాలుగూ ఒక ఫైలులో మీ న్యాయవాది దగ్గర ముందే ఉంచండి.