చలికాలానికి బండిని మూసిపెట్టబోతున్న మా అమ్మాయికి

రాయగడ,
కార్తిక మాసం

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. పౌర్ణమి వెళ్ళగానే నీవు ఉద్యోగ శిక్షణకు పుణె వెళ్తున్నావనీ, శివరాత్రి వరకు సిమిలిగూడ రావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. సొంత జీతంతో బండి కొనుక్కుని సుంకి ఘాటు రోడ్డు మీద సాలూరు దాకా వెళ్ళి వచ్చిన ఆడపిల్ల మన ఇంట నీవే మొదటిదానివని ఇక్కడ అందరికీ చెప్పుకున్నాను. అయితే బండిలోని పెట్రోలంతా వెనుక గదిలో గొట్టం పెట్టి తోడేసి, టార్పాలిన్ కప్పి తాళం వేస్తానన్నావట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

తల్లీ, పెట్రోలు తోడవద్దు. మన కొండల మీద డిసెంబరు, జనవరి రాత్రులు 10 డిగ్రీల కంటే దిగువకు పోతాయి, పగలు ఎండ కాస్తుంది. ఖాళీ ట్యాంకులోని గాలి ఆ తేడాకు లోపలి రేకు మీద నీటి బొట్లుగా చెమర్చి తుప్పు పట్టిస్తుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా కలుపుతున్న ఇథనాల్ కూడా నీటిని పీల్చుకుంటుంది. అందుచేత బయలుదేరే ముందు రోజు మూత కింద కొద్దిగా చోటు వదిలి ట్యాంకు నింపించి, పెట్రోలు పాడుకాకుండా వేసే స్టెబిలైజరును సీసా మీద చెప్పిన కొలతలో కలిపి, ఆ మందు ఇంజెక్టరు వరకు చేరేలా ఆరుబయట పది నిమిషాలు ఇంజను నడుపు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మీ నాన్న కుడి మోచేతి మీది మచ్చ. అది దీపావళి మతాబు వల్ల అయిందని నీకు చెప్పి ఉంటాడు. నలభై ఏళ్ళ క్రితం మేము పొట్టంగిలో అద్దెకు ఉండేవాళ్ళం. రెండు నెలలు ఊరు వెళ్ళవలసి వచ్చి, ఒక పుష్యమాసపు సాయంత్రం, బయటి చలికి జంకి, తలుపులన్నీ మూసుకున్న నడిమి గదిలో నా బండి పెట్రోలును బకెట్టులోకి వదిలాను. దీపం వెలిగించలేదు, బీడీ ముట్టలేదు. ఇంత చలిలో పెట్రోలు ఆవిరి కాదని నా లెక్క. సున్నాకు దిగువన 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరిని అది విడుస్తుందని నాకు అప్పటికి తెలియదు. ఆ ఆవిరి గాలి కంటే బరువైనది కనుక నీరు పారినట్లు నేల మీదనే పారి, గడప దాటి, వంటింట్లో మీ నాన్న అప్పుడే టీకి వెలిగించిన కిరోసిన్ స్టవ్వును చేరింది. మంట నేలంతా పరుచుకుంటూ నా వైపు వచ్చింది. నేను కదలలేకపోయాను. పదహారేళ్ళ వాడు, నీళ్ళ తొట్టిలో గోనెపట్టా ముంచి తెచ్చి బకెట్టు మీద కప్పి, నన్ను బయటికి లాగాడు. మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. స్టవ్వు పేలిందని మా అమ్మకు వాడే చెప్పాడు, నేను కాదనలేదు. ఆమె పోయేవరకు కూడా నిజం చెప్పలేకపోయాను.

ఇది కార్తికం. సాయంత్రమైతే మీ గడప దగ్గర, తులసికోట దగ్గర దీపాలు ఉంటాయి. బండిని వంటింటికీ దేవుడి గదికీ దూరంగా, కిటికీ ఉన్న చోట పెట్టు.

మిగిలినవి నీకు తెలిసినవే. పాత ఆయిల్‌లో తేమా ఆమ్లమూ చేరి ఉంటాయి కనుక ముందే మార్పించు. గొలుసు తుడిచి నూనె పట్టించు. టైర్లలో గాలి నింపి మెయిన్ స్టాండు మీద నిలబెట్టు. టార్పాలిన్ తేమను లోపలే బంధిస్తుంది. పాత నూలు దుప్పటి కప్పు. కోతలయ్యాక ఎలుకలు ఇళ్ళలోకి వస్తాయి; సైలెన్సరు మూతికి గుడ్డ కుక్కి, తిరిగి వచ్చినప్పుడు మరచిపోకుండా హ్యాండిలుకు ఎర్ర పీలిక కట్టు. అప్పుడప్పుడు స్టార్టు చేయమని పక్కింటి అబ్బాయికి తాళం చెవి ఇవ్వవద్దు. రెండు నిమిషాలు నడిచి ఆగిన ఇంజను సైలెన్సరులో నీటినే మిగులుస్తుంది.

బ్యాటరీ నేను తెచ్చుకుని నెలకొకసారి ఛార్జి చేయిస్తాను. దాన్ని విప్పేటప్పుడు నెగటివ్ తీగ ముందు తీయాలి. అది నా చేతులతోనే తీస్తాను. బుధవారం ఉదయం బస్సుకు వస్తున్నాను. నేను వచ్చేవరకు ట్యాంకు మూత తీయవద్దు.

ఇట్లు,
నీ పెదనాన్న