ఆ నాలుగు కోట్ల అంకెల గురించి రాసిన అబ్బికి

అబ్బీ,

ఆ నాలుగు కోట్ల అంకెల నంబర్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివినా, అనంతపురం టవర్ క్లాక్ కాడ టీ తాగుతా ఒకసారి, ఇంటికొచ్చి అద్దాలు పెట్టుకోని ఇంగోసారి. భాష బాగుంది. కానీ ప్రైమ్ నంబర్, అంటే ఒకటితో, దాంతోనే తప్ప ఇంగ దేంతోనూ భాగం పోని నంబర్, యాడా కనపడలేదప్పా, సముద్రం కనపడింది, ఆకాశం కనపడింది, ఊహకందని అనే మాట ఏడుసార్లు కనపడింది. అందనిదాన్ని అందేటట్టు చెప్పేదే కదా మన పని.

2024 అక్టోబర్‌లో బయటపడిన ఆ ప్రైమ్ నంబర్, 13,62,79,841 రెండ్లను వరసగా గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది, అందులో 4,10,24,320 అంకెలు. సెకనుకో అంకె లెక్కన నిద్రపోకుండా చదివినా 475 రోజులు. సైజుకు ఈ ఒక్క లైను చాలు, ఇంగ వదిలెయ్. చదివేటోనికి వచ్చే డౌటు వేరే, అంత నంబర్ దేంతోనూ పోదని ఎవురు చూసినారు, ఎట్ల చూసినారు?

అది నువ్వే చేసి చూపీ. 31 తీసుకో, అయిదు రెండ్లు గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది. 4 తో మొదలుపెట్టు. దాన్ని దాంతోనే గుణించి 2 తీసెయ్, 14. మల్లా అట్లే చేస్తే 194, 31 తో భాగిస్తే మిగిలేది 8. ఇంగోసారి, ఆ 8 ని దాంతోనే గుణిస్తే 64, అందులో 2 పోతే 62, 31 తో భాగిస్తే ఏం మిగల్లేదు. అయిదుకు రెండు తక్కువ, అంటే మూడు సార్లకు సున్నా వచ్చింది కాబట్టి 31 ప్రైమ్. లూకాస్ అనే ఫ్రాన్స్ ఆయన పట్టిన దారి, తర్వాత లెమర్ అనే అమెరికా ఆయన దాన్ని సాపు చేసినాడు. ఆ పెద్ద నంబర్‌ను ఖాయం చేసింది కూడా ఈ లెక్కతోనే, కాకపోతే మూడు సార్లు కాదు, 13,62,79,839 సార్లు. 31 చేతుల్తో చేసినోనికి ఈ మాట చెప్పి చూడు, సముద్రం అక్కర్లేదు.

చెక్ చేసుకోకుండా మాత్రం రాయొద్దు. చిన్నప్పుడు ఒక పత్రికకు రాస్తా, 11 ప్రైమే కదా అని పదకొండు రెండ్లు గుణించి ఒకటి తీసేసి 2047 కూడా ప్రైమ్ అని రాసేసినా. కర్నూలు నుంచి ఎవురో లెక్కల అయివారు కార్డు వేసినాడు, 23 × 89 అని, ఇంగో ముక్క లేదు. వారం దినాలు ఎవురికీ మొగం చూపియ్యలేదు నేను. ఇట్లాంటి నంబర్లకు ఎవురి పేరు పెట్టినారో ఆ మెర్సెన్ అంతటోడే 1644 లో, 67 రెండ్లు గుణించి ఒకటి తీసేస్తే వచ్చే నంబర్ ప్రైమ్ అన్నాడు, కాదని 1876 లో తేలింది, కానీ దేంతో పోతుందో దొరకలేదు. 1903 లో కోల్ అనే ఆయన 19,37,07,721 ని 7,61,83,82,57,287 తో బోర్డు మీద గుణించి చూపించినాడు, నోరు తెరవకుండానే అంటారు. మా అయివారు కార్డు మీద చేసింది ఆ పనే అని నాకు శానా రోజులకు తెలిసింది.

మొదటి రెండు పేజీలు కొట్టేసి 31 తో మొదలుపెట్టి పంపు, ఉగాది లోపల. మీ నాయన పంపిన శెనక్కాయలు అందినాయి, ఇంకా పచ్చిగానే ఉండాయి, ఉడకేసుకోని తింటాండాం.