దిగుమతుల దెబ్బకు ఫ్యాక్టరీ మూతపడితే కార్మికుడికి దక్కేదేమిటి?

ప్రశ్న: జీడిమెట్ల పారిశ్రామికవాడలో మందుల తయారీకి కావలసిన రసాయనాలు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో 14 ఏళ్లుగా రియాక్టర్ ఆపరేటరుగా పనిచేస్తున్నాను. మూల వేతనం, కరవు భత్యం కలిపి నెలకు 18,000 రూపాయలు వస్తాయి. పీఎఫ్, ఈఎస్‌ఐ కోతలు ఉన్నాయి. చైనా సరకు మా తయారీ ఖర్చుకన్నా తక్కువ ధరకు వస్తున్నందున ఫ్యాక్టరీ మూసేస్తామని, రాజీనామా రాసిచ్చినవారికి వెంటనే మూడు నెలల జీతం ఇస్తామని యజమాని అంటున్నారు. దిగుమతుల వల్ల పని పోయినవారిని అమెరికాలో ప్రభుత్వమే ఆదుకుంటుందని విన్నాను. మన దగ్గర అలాంటి పథకం ఉందా? సంతకం పెట్టమంటారా?
– ఒక పాఠకుడు, జీడిమెట్ల, హైదరాబాద్

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. దయచేసి రాజీనామా పత్రంపై సంతకం పెట్టకండి.

మీరు విన్న అమెరికా పథకం నిజమే. అధ్యక్షుడు కెనెడీ హయాంలో 1962 నాటి వాణిజ్య చట్టంతో అది మొదలై, 1974 చట్టంతో విస్తరించింది. ఒకే సంస్థకు చెందిన ముగ్గురు కార్మికులు కలిసి దరఖాస్తు చేసినా అక్కడి కార్మిక శాఖ విచారణ జరిపి, దిగుమతులే కారణమని తేలితే శిక్షణకూ భృతికీ అర్హత కల్పించేది. 50 ఏళ్లు దాటినవారు తక్కువ జీతానికి కొత్త పనిలో చేరితే, తగ్గిన మొత్తంలో కొంత భర్తీ చేసేది. అయితే చట్టం గడువు తీరడంతో 2022 జులై 1 నుంచి కొత్త దరఖాస్తులకు అర్హత ఇవ్వడం ఆగిపోయింది.

మన దేశంలో దిగుమతుల బాధితులకంటూ ప్రత్యేక పథకం లేదు. ఆర్థిక సంస్కరణల తొలి రోజుల్లో, 1992లో, కార్మికులకు కొత్త నైపుణ్యాలు నేర్పి మళ్లీ ఉపాధి చూపాలని జాతీయ పునరుద్ధరణ నిధిని ఏర్పాటు చేశారు. అందులో అధిక భాగం ప్రభుత్వరంగ సంస్థల స్వచ్ఛంద పదవీ విరమణ చెల్లింపులకే ఖర్చయింది. 2000లో దాన్ని రద్దు చేశారు. ఆ లోటు ఇప్పటికీ అలాగే ఉండటం అన్యాయమని నా అభిప్రాయం.

అందువల్ల మీకు దక్కేదంతా ఫ్యాక్టరీ ఎందుకు మూతపడిందన్నదానికన్నా, మీరు ఉద్యోగం ఏ విధంగా కోల్పోయారన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది. మూసివేత వల్ల పని పోతే, సర్వీసు పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని ఈ లెక్కే 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. మీ విషయంలో అది సుమారు 1,26,000 రూపాయలు. దీర్ఘకాలం పనిచేసినందుకు ఉద్యోగం ముగిసినప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ దీనికి అదనం. నెల జీతాన్ని 26తో భాగించి, 15తోనూ 14 ఏళ్లతోనూ గుణిస్తే సుమారు 1,45,000 రూపాయలు వస్తుంది. రాజీనామా చేసినా గ్రాట్యుటీ పోదు. కాని పరిహారం మాత్రం పోతుంది. యజమాని ఇస్తానంటున్న మూడు నెలల జీతం 54,000 రూపాయలేనని గమనించండి.

అదుపులో లేని అనివార్య కారణాలతో మూసివేస్తే మూడు నెలల సగటు వేతనానికి మించి పరిహారం ఇవ్వనక్కర్లేదన్న మినహాయింపు చట్టంలో ఉంది. యజమాని దాన్ని చూపించవచ్చు. అయితే కేవలం నష్టాలు రావడం, సరకు అమ్ముడుపోక పేరుకుపోవడం అనివార్య కారణాలు కావని చట్టమే వివరణ ఇచ్చింది. చైనా సరకు చౌకగా రావడం వల్ల జరిగేది సాధారణంగా ఈ రెండే.

రాజీనామాతో చేజారే మరొకటి ఈఎస్‌ఐ నిరుద్యోగ భృతి. రాజీవ్‌గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన కింద, ఫ్యాక్టరీ మూతపడటం వల్ల గాని, రిట్రెంచ్‌మెంట్ (యజమాని సిబ్బందిని తగ్గించడం) వల్ల గాని పని పోయిన చందాదారుకు మొదటి 12 నెలలు వేతనంలో 50 శాతం, తర్వాతి 12 నెలలు 25 శాతం ఇస్తారు. ఆ కాలంలో మీకూ మీ కుటుంబానికీ ఈఎస్‌ఐ వైద్యం కూడా అందుతుంది. ఇంట్లో ఎవరైనా సనత్‌నగర్ ఆసుపత్రిలో నెలనెలా మందులు తీసుకుంటుంటే దాని విలువ మీకే తెలుస్తుంది. స్వచ్ఛందంగా మానేసినవారికి ఈ భృతి రాదు. కాబట్టి యజమాని ఇచ్చే లేఖలో ‘మూసివేత కారణంగా ఉద్యోగం ముగిసింది’ అని తేదీతో సహా స్పష్టంగా ఉండేలా చూసుకోండి.

పీఎఫ్ మీరు దాచుకున్న సొమ్ము. దాన్ని పరిహారంలో కలిపి చూపితే ఒప్పుకోకండి. ఒత్తిడి చేస్తే తోటి కార్మికులతో కలిసి కార్మిక శాఖ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, అందినట్లు రసీదు తీసుకోండి.

ప్రశ్న: చైనా సరకుపై యాంటీ డంపింగ్ సుంకం వేస్తే మా ఉద్యోగాలు నిలుస్తాయా? కార్మికులు దరఖాస్తు పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, బాలానగర్, హైదరాబాద్

జవాబు: విదేశీ సరకును దాని సొంత దేశంలోని ధరకన్నా తక్కువకు ఇక్కడ అమ్మితే, దానిపై వేసే అదనపు పన్నే యాంటీ డంపింగ్ సుంకం. దానికి దరఖాస్తు చేయాల్సింది దేశీయ ఉత్పత్తిదారులు. కేంద్ర వాణిజ్య శాఖ కింద ఉన్న డీజీటీఆర్ (వాణిజ్య పరిహారాల డైరెక్టరేట్ జనరల్) విచారణ జరిపి సిఫార్సు చేస్తే, సుంకం విధించాలా వద్దా అన్నది ఆర్థిక శాఖ నిర్ణయిస్తుంది. విచారణకు సాధారణంగా ఏడాది వరకు పడుతుంది. సుంకం సాధారణంగా ఐదేళ్లు అమల్లో ఉంటుంది. దానివల్ల మీ యాజమాన్యానికి ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరకవచ్చు గాని, వసూలైన సొమ్ము ఖజానాకే వెళుతుంది. అందులో పని పోయినవారికి వాటా ఏమీ ఉండదు. విచారణ పూర్తయ్యేదాకా ఫ్యాక్టరీ నడుస్తుందన్న హామీ కూడా చట్టంలో లేదు. కాబట్టి నియామక పత్రం, జీతం స్లిప్పులు, ఈఎస్‌ఐ కార్డు నకళ్లు ఇప్పుడే ఇంట్లో భద్రపరచుకోండి.